‘దానికి ముందుగాల?’ దేవదాసు

ఈ లోకంలో ఏదీ దానంతటది మొదలు కాదని, ప్రతిదానికీ ముందు ఇంకోటి లేచి కూర్చోవాలని దేవదాసుకు గట్టి నమ్మకం. ఉంటే ఉండనీ, ఎవరి నమ్మకాలు వాళ్లవి అంటారేమో. కానీ ఈయన నమ్మకం పక్కవాణ్ని చాయ్ కూడా తాగనివ్వదు.

"అన్నా, చాయ్ తాగుదాం దా," అని రాజు పిలుస్తాడు.

"దానికి ముందుగాల?"

"దానికి ముందుగాల ఏముంటదన్నా? తాగుడే."

"పాలొచ్చినయా?"

"వచ్చినయ్."

"గ్యాసున్నదా?"

"ఉన్నది."

"గ్లాసులు కడిగిన్రా?"

"కడిగిన్రన్నా!"

"ఎవలు చూసిన్రు?"

గ్లాసులు కడుగుతుంటే నిలబడి చూసేంత తీరిక ఎవరికుంటుంది? దేవదాసు లేచి వెళ్లి, చూసి, తిరిగొచ్చి "గిప్పుడు తాగొచ్చు" అనేసరికి చాయ్ చల్లబడి ఉంటుంది. మళ్లీ వేడి చేద్దామంటే దానికి ముందుగాల ఏంటని అడుగుతాడేమోనని, రాజు ఆ చల్లటి చాయే గటగటా తాగేస్తాడు.

వీళ్లిద్దరూ పనిచేసేది మహబూబాబాద్‌లో, అంటే అక్కడివాళ్ల మానుకోటలో, ఒక ట్రస్టు దవాఖానలో. జనగామలో, భూపాలపల్లిలో దానికి శాఖలున్నాయి. జనగామ శాఖ నుంచి కంప్యూటర్ల ఇన్‌చార్జిగా సంగీత బదిలీ అయి వచ్చింది. వయసులో దేవదాసుకంటే చాలా చిన్నది, హోదాలో పెద్దది. వచ్చిన మొదటి రోజే సర్వర్ గది తలుపు తీయమంది. తాళం ఆయన చేతిలోనే ఉంది. తీయలేదు.

"దానికి ముందుగాల చెప్పులు విడువాలె మేడం."

విడిచింది.

"మీదే ఊరు?"

"దేవరుప్పుల."

"అరె, మాది గూడ గదే మండలం!" అంటూ సంబరంగా తలుపు తీశాడు. తలుపుకీ ఊరికీ సంబంధమేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఏమీ లేదు. ఊరు తెలుసుకోవాలని ఆయనకు అనిపించింది, అంతే.

లోపల రెండు యంత్రాలున్నాయి. ఒకటి పెద్దోడు, ఒకటి చిన్నోడు. ఆ పేర్లు ఆయన పెట్టినవే. పేషెంట్ల వివరాలు, పరీక్షల రిపోర్టులు, కింద హాల్లో టోకెన్ నంబర్లు పిలిచే గొంతులు, అన్నీ వీళ్ల మీదే నడుస్తాయి. పెద్దోడు పడిపోతే చిన్నోడు అందుకోవాలి. అందుకోవడమంటే ఎగిరి దూకడం కాదు. ముందు డిస్కు రావాలి. డిస్కు వస్తేనే డేటాబేస్ లేవాలి. డేటాబేస్ లేస్తేనే ప్రోగ్రాము లేవాలి. ప్రోగ్రాము లేచాకే బయటివాళ్లకు తలుపు తెరవాలి. ఆపేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు. ఈ వరుస తప్పితే, పొయ్యి వెలిగించకుండానే జనాన్ని బంతికి కూర్చోబెట్టినట్టు అవుతుంది. దేని తర్వాత ఏది లేవాలో, ఏది ఎక్కడుంటే ఏది అక్కడుండాలో ముళ్లు వేసి పెట్టడమే దేవదాసు ఉద్యోగం. ముడి అన్నది ఆయన మాటే.

"ఇద్దరూ ఒక్కసారే నేనే నడిపిస్తనంటే ఏం చేస్తరు?" అని సంగీత పరీక్షగా అడిగింది.

"ఒక్క ట్రాక్టరు స్టీరింగు ఇద్దరు పట్టినట్టే మేడం, బాయిల పడుడే. అందుకే ముందుగాల పలకరిస్తం. పలకకపోతే వాని కరెంటు పీకేస్తం."

"పెద్దోనిదైనా?"

"పెద్దోనిదైనా, మా బామ్మర్దిదైనా."

పని తెలిసిన మనిషేనని సంగీత సంతోషపడింది. ఆ సంతోషం రాజు కథలు మొదలుపెట్టేదాకా ఉంది.

రాజు చెల్లెలి పెళ్లి పెద్దవంగరలో జరిగింది. బరాత్ ఊరేగింపు సంగతి దేవదాసు చేతిలో పెట్టారు. పెట్టకుండా ఉండాల్సింది. పెళ్లికొడుకు జీపెక్కాడు, కుర్రాళ్లు నడుం బిగించారు, డీజే వాడు చెయ్యి ఎత్తాడు. "ఆగు! దానికి ముందుగాల?" అని వినబడింది. డీజేకి ముందు జనరేటర్. జనరేటర్‌కి ముందు డీజిల్. డీజిల్ తేవడానికి ముందు బైకు. బైకుకి ముందు తాళం. తాళం ఆ బైకు సొంతదారు తిరుపతి జేబులో ఉంది. తిరుపతి కటింగ్ షాపులో సగం గడ్డంతో ఉన్నాడు. పెళ్లికొడుకు జీపు మీద దండతో కూర్చుని, తిరుపతి రెండో చెంప గీయడం పూర్తయ్యేదాకా ఎదురుచూశాడు.

"మా బావ ఇయ్యాల్టికి తిరుపతితోని మాట్లాడడు మేడం," అన్నాడు రాజు.

"మరి డీజిల్ పోయకుండ మొదలువెడితే సగం పాటకే ఆగుతుండె," అని దేవదాసు అటుగా పోతూ అన్నాడు.

ఇక ఆయన పెళ్లిచూపుల ముచ్చట మానుకోటలో తెలియనివాళ్లు లేరు. పిల్ల పేరు సౌందర్య. పాస్టరుగారు ప్రార్థన చేశారు, మిక్చరు తిన్నారు, చాయ్ తాగారు. పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగారు. "దానికి ముందుగాల ఆమెకు నేను నచ్చాలె. ఆమె హా అంటే నేను హా అంట," అన్నాడు. పిల్లనేమో పిల్లోడు హా అనేదాకా నోరు విప్పొద్దని వాళ్లమ్మ బెదిరించి కూర్చోబెట్టింది. ఆమె ఆయన కోసం ఆగింది, ఆయన ఆమె కోసం ఆగాడు. మిక్చరు మళ్లీ తెచ్చారు. పాస్టరుగారు మళ్లీ ప్రార్థన చేశారు. పొద్దు వంగింది. చివరికి సౌందర్య మేనత్తకు ఒళ్లు మండి, "నేను చప్పట్లు కొడ్త, ఇద్దరు ఒక్కసారే అనుండ్రి, మా బర్రెకు పాలు పిండాలె!" అని కసిరింది. చప్పట్లు కొట్టింది. ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

ఇప్పటికీ సర్వర్లలో ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ లేవకుండా కూర్చుంటే, "మేనత్తను పిలువాలె," అంటాడు దేవదాసు.

ఆ సౌందర్యకు ఇప్పుడు బీపీ ఉంది. గోలీల డబ్బాను దేవదాసు తన స్కూటర్ తాళంచెవికి ఎర్రదారంతో కట్టేశాడు. ఆమె గోలీ మింగి డబ్బా ఇస్తేనే తాళం చేతికొస్తుంది, బండి కదులుతుంది. ఒకరోజు గోలీలు అయిపోయాయి. తాళం ఉంది, బండి ఉంది, పెట్రోలు కూడా ఉంది. దేవదాసు మాత్రం మెడికల్ షాపుకు నడిచి పోయి, గోలీలు తెచ్చి, ఆమె మింగాకే బండి తీశాడు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని సంగీత అడిగితే ఇదంతా వరుసగా చెప్పాడు.

"తాళం విడిగ పెట్టుకోవచ్చు కదన్నా?" అంది నవ్వాపుకుంటూ.

"అట్ల పెడితే బండి యాదికుంటది మేడం. గోలీ యాదికుండది."

ఆమె ఇంకా నవ్వింది.

నవ్వు ఆగిపోయే రోజూ వచ్చింది. ఒక పొద్దున కింద హాల్లో టోకెన్ పిలిచే గొంతు మూగబోయింది. హాలు నిండా జనం. "ఏందే, పిలుస్తలేరు!" "డాక్టరు వచ్చిండా లేడా?" అని ఒకటే గోల. నర్సులు పైకి పరుగెత్తారు, మేనేజరు పైకి పరుగెత్తాడు. సంగీత తెర ముందు కూర్చుని వెతికితే సంగతి బయటపడింది. హాల్లో నంబర్లు పిలిచే గొంతులు రెండు. ఒకటి తెలుగు. ఇంకోటి లంబాడీ, తండాల నుంచి వచ్చేవాళ్ల కోసం. ఆగింది లంబాడీ గొంతు. తెలుగు గొంతుకు ఏ రోగమూ లేదు. అయినా అదీ ఆగింది. లంబాడీ గొంతు లేస్తేనే తెలుగు గొంతు లేవాలని, అది పడితే ఇదీ పడాలని ఎవరో ముడి వేశారు.

"గీ ముడి ఎవలు వేసిన్రు?"

"నేనే మేడం," అన్నాడు దేవదాసు.

"డిస్కు లేకుంటె డేటాబేస్ లేవదు, సరే. లంబాడీ లేకుంటె తెలుగు ఎందుకు లేవదు? దాంతోని దీనికేం పని?"

"పనున్నది మేడం."

"ఏం పని? చెప్పు."

"చెప్త. దానికి ముందుగాల మీరు పొద్దుగాల్నే పోయి, కింద బెంచీ మీద జర కూసోవాలె."

సంగీతకు తల తిరిగింది. "నేను బెంచీ మీద కూసునుడేంది? నాకు టైం ఏడిది?"

"అయితే చెప్పినా సమజ్ కాదు మేడం," అని ఆయన లంబాడీ గొంతును లేపే పనిలో పడిపోయాడు. అది లేచింది. దాని వెంటే తెలుగూ లేచింది.

ఆ లంబాడీ గొంతు గురించి కూడా చెప్పాలి. అది కాంపౌండర్ కిషన్‌ది. గార్ల దగ్గరి తండా మనిషి. రికార్డు చేసిన రోజు అతనికి పడిశం. మొదటి నంబర్లు బాగానే చదివాడు. నలభైల్లోకి వచ్చేసరికి గొంతు పట్టేసింది, ఆ నంబర్లన్నిటికీ ముందు "ఖళ్" అని ఒక దగ్గు పడింది. మళ్లీ చదవమంటే తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత ఇంకా రాలేదు.

హాలు మూగబోయిన కబురు హైదరాబాద్‌లోని ట్రస్టు పెద్దసారుకు చేరింది. ఆయన సంగీతకు ఫోన్ చేశాడు. "వచ్చే సోమవారం నుంచి మూడు ఊళ్ల దవాఖానలూ ఆ సర్వర్ల మీదే నడవాలి. నేనే వచ్చి చూస్తాను. ఆరోజు టోకెన్ మళ్లీ ఆగిందంటే కొత్త లింకు చూడటానికి భూపాలపల్లి వెళ్తున్నాడుగా, మీ దేవదాసును అక్కడే ఉంచేద్దాం. అక్కడ ప్రింటర్లు చూసుకుంటాడు."

ప్రింటర్లు! పెద్దోణ్నీ చిన్నోణ్నీ వదిలి ఆ మనిషి ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు పీకుతూ కూర్చోవడం సంగీత కళ్లముందు కనబడింది. ఎంత విసిగించినా ఆయన లేని సర్వర్ గదిని ఆమె ఊహించుకోలేకపోయింది. అందుకే శనివారం ఆమే కూర్చుని ఆ ముడి విప్పేసింది. లంబాడీ గొంతు పడితే అదొక్కటే పడుతుంది, తెలుగు నడుస్తూనే ఉంటుంది, పెద్దసారుకు తెలియదు, దేవదాసు బతికిపోతాడు.

ఆ మాట ఆయనతో చెప్పింది కూడా. కొత్త లింకు చూసుకోవడానికి ఆయన భూపాలపల్లి బస్సుకు బయల్దేరుతున్నాడు.

"నీ మంచికే విప్పిన అన్నా. లంబాడీ గొంతు ఎప్పుడన్న ఆగినా ఏమైతది? గదే కద, తర్వాత లేపుకుంటం."

దేవదాసు కొట్లాడలేదు. సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "కిషన్ గొంతును జర చూస్తుండు రాజూ," అని మాత్రం అన్నాడు.

"చూస్త తియ్యన్నా, నువ్వు పో," అన్నాడు రాజు.

సోమవారం పండగలా గడిచింది. జనగామ కలిసింది, భూపాలపల్లి కలిసింది, తెర నిండా పచ్చచుక్కలు. పెద్దసారు కారు దిగి, హాల్లో నిలబడి, తెలుగు గొంతు గణగణమని నంబర్లు పిలుస్తుంటే విని తలూపాడు. సంగీతకు ప్రాణం లేచొచ్చింది. రాజు ఆయనను పైకి తీసుకుపోయి రిపోర్టులు చూపించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కావస్తుండగా ఆమె నీళ్లు తాగుదామని హాల్లోకి వచ్చింది.

గోడవార బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. చేతుల నిండా తెల్లటి గాజులు, ఒక కంటికి పచ్చగుడ్డ అడ్డం. పొద్దున సంగీత లోపలికి వచ్చినప్పుడూ ఆమె అక్కడే ఉంది. టోకెన్ అందుకుని చూస్తే నలభైల్లోని నంబరు. పిలిచి ఎప్పుడో దాటిపోయారు.

"అవ్వా, నీ నంబరు పిలిచిన్రు కద! పోలేదేంది?"

"లేదు బిడ్డా," అంది ముసలామె నింపాదిగా. "నాది దగ్గు నంబరు. దగ్గు ఇంక రాలే."

సంగీతకు ఒక్కక్షణం అర్థం కాలేదు. ముసలామె పేరు గోరీ. తెలుగు వచ్చు, ఎదురుగా ఉండి మాట్లాడితే. ఆ గోడ మీది డబ్బాలోంచి గడగడా పిలిచే తెలుగు మాత్రం చెవికెక్కదు. కిషన్ దగ్గు ఎక్కుతుంది. దగ్గినప్పుడల్లా చెవి ఒగ్గి తన నంబరు వింటుంది. ఆమె పక్కన అలాగే ఇంకో ఇద్దరు దగ్గు కోసం కూర్చుని ఉన్నారు.

"నాతోని దా అవ్వా, నేను తీస్కపోత. కండ్ల డాక్టరు జరసేపైతే వరంగల్ రైలెక్కి పోతడు!"

"పిలువందే ఎట్లొస్త బిడ్డా? అందరు మొత్తుకుంటరు. దగ్గు రానీ, పోదాం."

దేవదాసు ఒక్కడే అనుకుంటే ఈ అవ్వ ఇంకొకర్తె దొరికింది! సంగీత రాజుకు ఫోన్ చేసింది.

"రాజూ, కిషన్ గొంతు ఆగింది, చూసినవా?"

"చూసిన మేడం, పొద్దుగాల్నే ఎర్రచుక్క వడ్డది. కొత్త లింకు పెట్టంగ ఫైళ్ల దారి మారినట్టుంది. గదే కద, సారు పోయినంక లేపుదామనుకున్న."

గదే కద. తన మాటే తన చెవిన పడింది. సంగీత గోరీ పక్కన బెంచీ మీద కూలబడి భూపాలపల్లికి ఫోన్ కలిపింది.

"అన్నా, నేను."

"చెప్పుండ్రి మేడం. ఏడున్నరు?"

"కింద హాల్ల. బెంచీ మీద. గోరీ అవ్వ పక్కన."

"అయితే గిప్పుడు చెప్పొచ్చు," అన్నాడు దేవదాసు. "మీరు రాకముందు కిషన్ గొంతు ఒకపారి ఆగింది. ఎప్పుడాగిందో ఎవ్వలికి తెల్వదు. తెలుగు నడుస్తుండె కద, అందరికి అన్నీ మంచిగనే ఉన్నయ్. గా గోరీ యాడీ, గా అవ్వ, పొద్దంత కూసున్నది. డాక్టరు పోయిండు, ఆమె తండాకు పోయింది. మల్ల వచ్చి మల్ల కూసున్నది. నేను చూసేటాలకు ఒక కన్ను పాయె. గది ఒక్కటే ఆగితే ఎవ్వలు ఉరుకరు మేడం. తెలుగు ఆగితే అందరు ఉరుకుతరు. అందుకే ముడి వేసిన."

"మరి గీ ముక్క అప్పుడే చెప్పొద్దా అన్నా?"

"చెప్తే గదే కద అంటుంటిరి."

అని ఉండేది. అసలు అననే అంది. సంగీత ఫోన్ పెట్టేసి, మళ్లీ రాజును పట్టుకుంది.

"రాజూ, గా ముడి మల్ల కట్టు."

"మేడం! కిషన్ గొంతు పడుకోని ఉన్నది. ఇప్పుడు కడితే తెలుగు గూడ ఆగుతది. సారు కిందికే దిగుతున్నడు!"

"ఆగనీ. కట్టు."

కట్టాడు. తెలుగు గొంతు ఒక నంబరు సగంలో ఉండగా టక్కున ఆగింది. పెద్దసారు అప్పుడే మెట్లు దిగి హాల్లో అడుగుపెట్టాడు. ఇక చూడండి. "ఏందే, ఆగింది!" "మేనేజరు ఏడి?" అని హాలంతా ఒక్కపెట్టున లేచింది. నర్సులు పరుగు, మేనేజరు పరుగు, కిషన్ చేతిలో సూదితోనే పరుగు. పొద్దుటి నుంచి ఎవరికీ పట్టని ఎర్రచుక్క ఇప్పుడు అందరికీ కావాల్సి వచ్చింది. పైన రాజు వేళ్లు ఎగిరెగిరి పడ్డాయి, ఫైళ్ల దారి సరిచేసి, కిషన్ గొంతు పలకకుండా దాటిపోయిన నంబర్లను మళ్లీ ముందుకు తెచ్చాయి.

"ఏమిటిది సంగీతా? నేను ఏం చెప్పాను?" అన్నాడు పెద్దసారు, మొహం ఎర్రగా చేసుకుని.

దేవదాసు ప్రింటర్లు ఆమె కళ్లముందు మళ్లీ ఆడాయి.

"చెప్త సర్. దానికి ముందుగాల మీరు గీ బెంచీ మీద జర కూసోవాలె."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. పెద్దసారుకూ కాలేదు. కానీ గోరీ అప్పటికే కొంగు దగ్గరికి లాక్కుని చోటిచ్చింది. చోటిచ్చాక కూర్చోకపోతే బాగుండదు. కూర్చున్నాడు. గోరీ ఆయన ఇస్త్రీ చొక్కాను మంచి కన్నుతో ఎగాదిగా చూసింది.

"నీదీ దగ్గు నంబరేనా కొడుకా?"

ఆయన తెల్లమొహం వేశాడు. సంగీత జరిగిందంతా చెప్పింది. ముడి వేసింది దేవదాసని, విప్పింది తనని, మళ్లీ కట్టించిందీ తనేనని చెప్పింది. ఆయన వింటూ గోరీ కంటి మీది పచ్చగుడ్డ వైపు చూస్తుండగా, గోడ మీది డబ్బా గరగరమంది.

"ఖళ్!"

హాలు అదిరింది. ఆ వెంటే లంబాడీలో నంబరు. ఆ వెంటే బుద్ధిగా తెలుగులో నంబరు.

"వచ్చింది!" అంటూ గోరీ గాజులు గలగలలాడిస్తూ లేచింది. డాక్టరు సంచీ సర్దుతున్నాడు. సంగీత ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. నడిపించడమేమిటి, గోరీయే ఆమెను లాక్కుపోయింది. రెండో కంటికి భయం లేదని, చుక్కలు వేసుకుంటే సరిపోతుందని డాక్టరు చెప్పి రైలెక్కాడు.

ప్రింటర్ల మాట పెద్దసారు మళ్లీ ఎత్తలేదు. కిషన్‌ను పిలిచి ఆ నంబర్లు మాత్రం దగ్గు లేకుండా మళ్లీ చదవమన్నాడు. "దగ్గు తీసేస్తే అవ్వలు లేవరు సార్," అన్నాడు కిషన్ గర్వంగా. దగ్గు ఉండిపోయింది.

మర్నాడు దేవదాసు భూపాలపల్లి నుంచి బస్సు దిగి సరాసరి సర్వర్ గదికి వచ్చాడు. ముడి ఉన్నచోటే ఉందో లేదో తెర మీద చూసుకున్నాడు. సంగీత గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"చాయ్ తాగన్నా."

ఆయన నోరు తెరిచాడు. ఆమె తెరవనివ్వలేదు.

"పాలొచ్చినయ్. గ్యాసున్నది. గ్లాసు నేనే కడిగిన, రాజు నిలబడి చూసిండు. కిషన్ గొంతు లేచే ఉన్నది. మీ ఇంటికి ఫోన్ చేసి అడిగిన, సౌందర్యక్క గోలీ మింగింది."

దేవదాసు కాసేపు ఆలోచించాడు. ఇంకేమన్నా మిగిలిందేమోనని పైకి చూశాడు, కిందికి చూశాడు. ఏమీ దొరకలేదు.

"అయితే ఇయ్యి చెల్లె," అని గ్లాసు అందుకున్నాడు.

రాజు ఆ గదిలో ఆయన వేడి చాయ్ తాగడం చూడటం అదే మొదటిసారి.